ఇంట్లో కారు కడగడం, మెషీన్‌తో పాలిష్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆదివారం ఉదయం కారు కడుగుతుంటే, పాల ప్యాకెట్లతో పైకి వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఏదో ఒకటి అడుగుతారు. తొమ్మిదేళ్లుగా నా కారు నేనే కడుక్కుంటున్నాను, ఆరేళ్లుగా పాలిష్ కూడా నేనే చేసుకుంటున్నాను. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు, చేసి చూసి తెలుసుకున్న సమాధానాలు ఇవి.

ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి సన్న గీతలు. ఎవరైనా కావాలని గీశారా?

ఎవరూ గీయలేదు. అవి తుడిచే గుడ్డ గీసిన గీతలు. నెలకింత అని మాట్లాడుకుని రోజూ తెల్లవారుజామున కారు తుడిపించడం మన అపార్ట్‌మెంట్లలో మామూలే. ఒకే బకెట్ నీళ్లు, ఒకే పాత బనియన్ గుడ్డ, పది పదిహేను కార్లు. మూడో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డ నిండా ఇసుకే. కారు మీద పేరుకున్న దుమ్ములో సన్నటి రాతిపొడి ఉంటుంది. ముందు నీళ్లతో దాన్ని జారిపోనివ్వకుండా గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్లే. తుడిచే మనిషిని తప్పు పట్టలేం. అతనికి మనం ఇచ్చే సామాను అంతే, ఒక్కో కారుకు దొరికే సమయం అయిదు నిమిషాలే.

గీతలు గుండ్రంగా కనిపిస్తాయి కాబట్టి గుండ్రంగా తుడవడం వల్లే వచ్చాయని చాలామంది అనుకుంటారు. చీకట్లో ఫోను టార్చి వేసి బానెట్ మీద అటూ ఇటూ కదిపి చూడండి. ఆ వలయాలు టార్చితోపాటే కదులుతాయి. గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా పడ్డవే మెరిసి, వలయంలా కంటికి కనిపిస్తాయి. నలుపు, ముదురు నీలం కార్ల మీద ఇవి కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి. తెలుపు కారు మీద కూడా ఉంటాయి, కంటికి ఆనవు.

పాలిష్ చేస్తే ఆ గీతలు పూడిపోతాయా?

పూడవు. గీత చుట్టూ ఉన్న పైపొర అరిగి, గీత అడుగుతో సమానం అవుతుంది. అంటే పాలిష్ చేసిన ప్రతిసారీ కారు పెయింటు కొంత తగ్గుతుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఇప్పటి కార్లకు రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, దాని మీద క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉంటాయి. అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్ల వరకు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కారు మెరుపంతా వెంట్రుక కంటే పలచని పొరలోనే ఉంది. ఎండ నుంచి కింది రంగును కాపాడేదీ ఆ పొరే. అది అరిగి పలచబడితే కొన్నేళ్లకు బానెట్, టాప్ మీద పొలుసులుగా ఊడిపోతుంది. అప్పుడు మళ్లీ పెయింటు వేయించడం తప్ప దారి లేదు.

అందుకే నా లెక్కలో కడగడమే అసలు పని. సరిగ్గా కడిగితే పాలిష్ అవసరం ఏళ్ల తరబడి రాదు.

బకెట్లు రెండు ఎందుకు? ఒకటి చాలదా?

ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. షాంపూలో ముంచిన గ్లౌజుతో ఒక డోరు కడిగాక, దాన్ని ముందు ఉత్త నీళ్లలో జాడించి, పిండి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. నమ్మకం కుదరకపోతే ఉత్త నీళ్లకు తెల్లటి టబ్బు వాడి చూడండి. ఒక పక్క కడగడం పూర్తయ్యాక నీళ్లను కాసేపు కదలనివ్వకండి. అడుగున నల్లటి ఇసుక సన్నగా తేరి కనిపిస్తుంది, వేలితో రాస్తే గరగరలాడుతుంది. ఒకే బకెట్ అయితే అదంతా మళ్లీ గ్లౌజుకు పట్టి కారు మీదికే వెళ్లేది. నేను రెండో బకెట్ కొన్నది ఆ టబ్బు చూసిన రోజే.

స్పాంజి వాడకండి. ఇసుక దాని పైభాగంలోనే ఉండిపోయి రుద్దుకుంటుంది. మైక్రోఫైబర్ గ్లౌజు పోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇసుక లోపలికి వెళ్లిపోతుంది.

కారు షాంపూ ఖరీదెక్కువ. గిన్నెల సబ్బు, బట్టల పొడి వాడితే ఏమవుతుంది?

మురికి బాగానే పోతుంది, దానితోపాటు కారు మీద కాపుగా పూసిన వ్యాక్స్ కూడా పోతుంది. బట్టల పొడికి క్షారగుణం ఎక్కువ. రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్ దాని వల్ల త్వరగా వెలిసిపోతాయి. కారు షాంపూ ఒక బకెట్‌కు మూత నిండా పోస్తే చాలు, లీటరు సీసా నెలల తరబడి వస్తుంది. పాలిష్ చేసే ముందు పాత వ్యాక్స్ తీసేయాలనుకుంటే మాత్రం, ఆ ఒక్కసారికి గిన్నెల సబ్బు వాడినా ఫరవాలేదు.

కిరోసిన్, డీజిల్ గుడ్డతో కారు తుడిచే పాత అలవాటు ఇంకా కొందరిలో ఉంది. ఆ మెరుపు జిడ్డు మెరుపు. గంటలో దానికి దుమ్ము అంటుకుంటుంది, మర్నాడు ఆ దుమ్మునే రుద్దుతారు.

ఏ వరుసలో కడగాలి?

ముందు చక్రాలు. వాటికి వేరే బకెట్, వేరే బ్రష్షు. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంతా అక్కడే ఉంటుంది, ఆ గుడ్డ కారు ఒంటికి తగలకూడదు. తర్వాత పైనుంచి కింది దాకా ఉత్త నీళ్లు ధారగా పోసి, జారిపోయే దుమ్మును జారిపోనివ్వాలి. మెల్లగా చేయాల్సిన భాగం ఇదే. ఆ తర్వాత టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైసగం, చివరికి డోర్ల కిందిసగం, బంపర్లు. గ్లౌజును నొక్కకుండా, నేరుగా పోనివ్వండి. ఒక్కో భాగం అవగానే కడిగేయండి, సబ్బు ఆరనివ్వకండి.

ఆరబెట్టడానికి మందపాటి మైక్రోఫైబర్ టవల్‌ను తడి మీద పరిచి మెల్లగా లాగితే చాలు. అద్దాల సందుల్లో, హ్యాండిళ్ల కింద మిగిలిన నీళ్లకు చిన్న బ్లోయరు ఉంటే హాయి.

మా ఇంట్లో బోరు నీళ్లే. కడిగిన ప్రతిసారీ తెల్ల మచ్చలు పడుతున్నాయి.

హైదరాబాద్ శివార్లలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీటి చుక్క ఆవిరైతే నీరు పోతుంది, లవణం ఉండిపోతుంది. గీజరు రాడ్డుకు పట్టే తెల్లటి పెచ్చు, కుళాయి చుట్టూ కనిపించే మరక, కారు మీది మచ్చ అన్నీ ఒకటే పదార్థం.

మొదటి జాగ్రత్త సమయం. ఉదయం ఏడు లోపు, లేదా పొద్దు వాలాక, నీడలో కడగండి. అరచేయి బానెట్ మీద ఆనించి పది లెక్కపెట్టగలిగితేనే నీళ్లు పోయండి. మే నెల మధ్యాహ్నం కాలిన బానెట్ మీద పోసిన నీళ్లు టవల్ అందుకునే లోపే ఆరిపోతాయి.

రెండోది చివరి కడుగు. కడగడమంతా బోరు నీళ్లతో చేసినా, ఆఖరున ఒక బకెట్ మంచి నీళ్లు పోస్తే మచ్చలు దాదాపు పడవు. ఆ మంచి నీళ్లు ఎక్కడివి అంటే, ఏసీ పైపు నుంచి కారే నీళ్లు. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. తేమ ఉన్న రోజుల్లో రాత్రంతా బకెట్ పెడితే కొన్ని లీటర్లు పోగవుతాయి, పలచటి గుడ్డతో వడకట్టి వాడుకోవచ్చు. వాన నీళ్లు పట్టుకున్నా అంతే. ఆర్‌ఓ మెషీన్ బయటికి వదిలే నీళ్లను దాచి కారు కడిగేవాళ్లున్నారు. ఆ ఆలోచన మంచిదే కానీ, వాటిలో లవణాలు మామూలు బోరు నీళ్లకంటే కూడా ఎక్కువ. చక్రాలకు, సెల్లారు నేలకు వాడండి. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దాన్ని మూడు రకాల నీళ్లలో ముంచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

పడిన మచ్చలకు తెల్ల వెనిగర్, మంచినీళ్లు సమపాళ్లలో కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, తర్వాత బాగా కడిగేయండి. కొత్త మచ్చలైతే పోతాయి. వారాల తరబడి ఎండలో ఉన్న మచ్చ క్లియర్ కోట్‌ను తిని చిన్న గుంట చేస్తుంది, దానికి పాలిష్ ఒక్కటే మార్గం.

ఎన్ని నీళ్లు పడతాయి?

పైపు వదిలేసి కడిగితే వంద లీటర్లు దాటడం పెద్ద లెక్క కాదు. బకెట్లతో అయితే నాకు 40 లీటర్ల లోపే సరిపోతాయి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జల మండలి తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. ట్యాంకర్ కోసం వరుసలో నిలబడే కాలనీలు మన దగ్గరా ఉన్నాయి. కుళాయి నీళ్లను తాగడానికి ఉంచి, కారుకు వేరే నీళ్లు చూసుకోవడం మన బాధ్యత.

ప్రెషర్ వాషర్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ఉంటే సుఖం. వెడల్పుగా చిమ్మే ముక్కు పెట్టి, అడుగు దూరంలో పట్టుకోండి. రాళ్లు తగిలి పెచ్చు లేచిన చోట, బీడింగుల మీద, ఇంజిన్ మీద నేరుగా కొట్టకండి.

ఎన్నాళ్లకొకసారి కడగాలి?

వారానికో, పది రోజులకో ఒకసారి. పక్షి రెట్ట పడితే మాత్రం ఆ రోజే, తడి గుడ్డ పరిచి నానబెట్టి ఎత్తేయండి. విశాఖలాంటి సముద్ర తీరంలో ఉంటే ఉప్పుగాలి వల్ల కారు అడుగుభాగం కూడా కడగాలి.

కడిగాక కూడా చేత్తో నిమిరితే గరుకుగా తగులుతోంది.

పెయింటులో గుచ్చుకుపోయిన ఇనుప రేణువులు, తారు చుక్కలు, చెట్ల జిగురు అయి ఉంటాయి. చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిమిరితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రైల్వే ట్రాకుల పక్కన, ఇనుప ఖనిజం ఎగుమతయ్యే విశాఖ పోర్టు చుట్టుపక్కల నిలిపే కార్లకు ఇది మరీ ఎక్కువ. ఇనుప రేణువులను కరిగించే ఐరన్ రిమూవర్ అనే ద్రవం చల్లితే ఆ రేణువులున్న చోటల్లా ఊదారంగు ధారలు కారతాయి. నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరకముందే కడిగేయాలి. మిగిలినవాటికి క్లే, అంటే పెయింటుకు అంటుకున్న రేణువులను లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. షాంపూ నీళ్లు ధారాళంగా చల్లి, క్లే ముక్కను బరువు వేయకుండా జార్చాలి. గరగర శబ్దం మెల్లగా తగ్గి, ముక్క నున్నగా జారడం చేతికే తెలుస్తుంది. క్లే నేల మీద పడితే పారేయండి, కడిగి వాడకండి.

ఏ గీత పాలిష్‌తో పోతుంది, ఏది పోదు?

గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు తట్టుకుంటే అది క్లియర్ కోట్ లోతుకు దిగిన గీత, దాన్ని పూర్తిగా తీయాలని ప్రయత్నించకండి. తట్టుకోకపోతే పోయే అవకాశం ఎక్కువ.

ఏ మెషీన్ కొనాలి? ఇంట్లో ఉన్న గ్రైండర్‌కు ప్యాడ్ తగిలిస్తే చాలదా?

గ్రైండర్ జోలికి వెళ్లకండి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేడికి కొన్ని క్షణాల్లోనే పెయింటు కాలిపోతుంది. పెయింటు షాపుల్లో వాడే రోటరీ పాలిషర్ సాధారణంగా 600 నుంచి 3,000 చుట్ల మధ్య తిరుగుతుంది. అది పని తెలిసిన చేతుల్లో అద్భుతం, కొత్తవాళ్ల చేతుల్లో ప్రమాదం. ప్యాడ్ ఒకే చోట గిరగిరా తిరుగుతుంది కాబట్టి వేడి అక్కడే పోగవుతుంది.

ఇంటికి డ్యూయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. షాపుల్లో డీఏ పాలిషర్ అని అడిగితే ఇస్తారు. దాని ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూ చిన్న వలయంలో ఊగుతుంది కూడా. అందువల్ల వేడి ఒక్క బిందువు మీద నిలవదు. మరీ గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది, అదీ ఒక రక్షణే. ఊగే వెడల్పు 8, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతుంది. మొదటి మెషీన్‌గా, ప్యాడ్ అంటించే ప్లేటు అయిదంగుళాలు ఉండి 8 లేదా 15 మిల్లీమీటర్లది సరిపోతుంది. మెషీన్ మీద పెట్టే డబ్బు కొంత తగ్గించి, ఆరేడు ఫోమ్ ప్యాడ్లు కొనుక్కోండి. కారు మొత్తానికి ఒకే ప్యాడ్ అంటే సగంలోనే అది జిడ్డు పట్టి కోయడం, అంటే పొరను అరగదీయడం మానేస్తుంది. ప్యాడ్ రంగును బట్టి గట్టిదో మెత్తదో నిర్ణయించుకోకండి, ఒక్కో కంపెనీ రంగులు ఒక్కో రకంగా ఉంటాయి.

కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్: మూడూ ఒకటేనా?

కాంపౌండ్ ఎక్కువ కోస్తుంది, పాలిష్ తక్కువ కోసి మెరుపు తెస్తుంది, వ్యాక్స్ ఏమీ కోయదు, పైన కాపుగా నిలుస్తుంది. సీసా మీద పాలిష్ అని రాసి లోపల ఉత్త వ్యాక్స్ ఉన్నవీ అమ్ముతారు. వెనక ఉన్న వివరం చదివి కొనండి.

మొదటిసారి చేస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

కారు కడిగి, క్లే చేసి, ఆరబెట్టి, నీడలో నిలపండి. నల్ల ప్లాస్టిక్, రబ్బరు, లోగోలు, బానెట్ అంచులు, డోరు మీద మడత తేలిన గీతలకు మాస్కింగ్ టేపు వేయండి. అంచుల మీద, మడతల మీద పెయింటు పలచగా ఉంటుంది. ఇంట్లో పాలిష్ చేసేవాళ్లు పెయింటు పోగొట్టుకునేది ఎక్కువగా అక్కడే. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, నేల తడి లేకుండా చూసుకోండి, ప్యాడ్ మార్చేటప్పుడు ప్లగ్గు తీసేయండి.

ఆ తర్వాత బానెట్ మీద ఒక మూల పరీక్ష చేయండి. ఈ మెట్టును వదిలేయొద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. రెండడుగుల చదరం తీసుకుని, మెత్తటి ప్యాడ్, తేలికపాటి పాలిష్‌తో మొదలుపెట్టండి. ప్యాడ్ మీద శనగ గింజంత చుక్కలు నాలుగు వేసి, మెషీన్ ఆపి ఉండగానే ప్యాడ్‌ను అక్కడక్కడా అద్దండి. కనిష్ఠ వేగంలో పాలిష్ అంతా పరిచి, తర్వాత మెషీన్ మీది వేగం అంకెను 4 లేదా 5కి పెంచండి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మళ్లీ నిలువుగా, మళ్లీ అడ్డంగా. ప్రతి వరుస ముందు వరుసను సగం కప్పాలి. చేయి కదలిక సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. ఇంత నెమ్మదా అనిపిస్తుంది, అంత నెమ్మదిగానే చేయాలి.

ప్యాడ్ నిజంగా తిరుగుతోందా అన్నది శబ్దం విని చెప్పలేం. వెనక ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత తిరుగుతూ కనిపించాలి. అది ఆగి వణుకుతూ ఉంటే ఎక్కువ నొక్కుతున్నారని, లేదా ప్యాడ్ ఒక పక్కకు ఒరిగిందని అర్థం. వంపుల మీద చేయి తెలియకుండానే ఒరుగుతుంది, అక్కడ ఈ గీత ఎంతో సాయం.

తుడిచి టార్చి వేసి చూడండి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి మళ్లీ చూడండి. పాలిష్‌లోని నూనెలు గీతలను తాత్కాలికంగా దాచేస్తాయి, ఆల్కహాల్ ఆ ముసుగు తీస్తుంది. ఇంకా గీతలుంటే అప్పుడు కాంపౌండ్‌కు వెళ్లండి. పదింట ఏడెనిమిది గీతలు పోతే ఆపేయడం నా పద్ధతి. మిగిలిన రెండింటి కోసం పొరను అరగదీయడం నాకు ఇష్టం లేదు.

ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ను బ్రష్షుతో దులపండి. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వేడి త్వరగా చల్లారదు, అక్కడ వేగం తగ్గించండి. కారు మొత్తానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. నేను శనివారం సగం, ఆదివారం సగం చేస్తాను. నడుము నొప్పి పుట్టినప్పుడు చేయి ఒరుగుతుంది, అప్పుడు ఆపడమే మంచిది.

ప్యాడ్‌కు కారు రంగు అంటుకుంది. భయపడాలా?

క్లియర్ కోట్ ఉన్న కారు మీద ప్యాడ్‌కు పాలిష్ తాలూకు తెలుపే కనిపించాలి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలపు కార్లకు క్లియర్ కోట్ లేని పెయింటు ఉండేది, వాటిపై ప్యాడ్‌కు రంగు రావడం సహజం. కొత్త మెటాలిక్ కారు మీద వస్తే వెంటనే ఆపండి. ఆ చోట క్లియర్ కోట్ దాటిపోయింది.

షాపులో చేయించిన పాలిష్ రెండు వారాలకే పోయింది, గీతలన్నీ తిరిగి వచ్చాయి. ఎందుకు?

నాకూ ఇదే జరిగింది, మెషీన్ కొనడానికి కారణమూ అదే. గీతలను తీయకుండా నూనె, మైనం లాంటి పదార్థాలతో నింపితే ఇచ్చే రోజున కారు అద్దంలా ఉంటుంది. నాలుగు కడుగులకు ఆ నింపు కొట్టుకుపోతుంది. ఈసారి డబ్బు ఇచ్చే ముందు ఒక్క చోట ఆల్కహాల్‌తో తుడిచి చూపించమని అడగండి. మంచి పనివాళ్లు సంతోషంగా చూపిస్తారు.

పాలిష్ అయ్యాక ఏం పూయాలి?

ఏదో ఒకటి తప్పకుండా పూయాలి. బ్రెజిల్‌లో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా వ్యాక్స్ ముదురు రంగుల మీద చాలా అందం, కానీ మన ఎండలకు నెలా రెండు నెలలకు మించి నిలవదు. సీలెంట్ అనే కృత్రిమ కాపు కొన్ని నెలలు ఉంటుంది. సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ఆ పొర గీతలను ఆపుతుందని నమ్మకండి. నీళ్లు జారిపోవడం, మురికి తేలిగ్గా వదలడం దాని నిజమైన లాభాలు. ఇసుక గుడ్డతో రుద్దితే కోటింగ్ మీద కూడా గీతలు పడతాయి.

వేటి మీద పాలిష్ చేయకూడదు?

మెరుపు లేని మ్యాట్ ఫినిష్ పెయింటు మీద అసలు వద్దు, మెరుపు మచ్చలు శాశ్వతంగా పడతాయి. కొత్తగా పెయింటు వేయించిన భాగానికి వేసినవాళ్లు చెప్పిన గడువు దాటేదాకా ఆగండి. పసుపు తిరిగిన హెడ్‌లైట్లను పాలిష్ చేయవచ్చు, కానీ తర్వాత ఎండ నుంచి కాపాడే పూత వేయకపోతే కొద్ది నెలల్లో మళ్లీ పసుపెక్కుతాయి.

మైక్రోఫైబర్ గుడ్డలు ఎలా ఉతకాలి?

విడిగా, ద్రవ సబ్బుతో. బట్టలు మెత్తబడడానికి వేసే కండిషనర్ వద్దు, నీళ్లు పీల్చుకోవడం మానేస్తాయి. నేల మీద పడిన గుడ్డ ఆ రోజు నుంచి చక్రాలదే.

దసరాకు వాహన పూజ చేశాం. తెల్ల కారు బానెట్ మీద పసుపు మరక పోవడం లేదు. సబ్బుతో రుద్దితే ఎర్రబడింది!

కంగారు పడకండి, పెయింటు పాడవలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా మారుతుంది కదా, ఇక్కడ జరిగింది కూడా అదే. సబ్బులోని క్షారం తగిలి పసుపు ఎర్రబడింది. ముందుగా నీళ్లు ధారగా పోసి పొడిని పోనివ్వండి, పొడిగా ఉన్న కుంకుమను గుడ్డతో తుడవకండి. కొబ్బరి నీళ్లు చిందిన చోట కూడా కడగండి, ఆరితే జిగటగా పట్టేస్తాయి. పసుపు రంగు నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఐసోప్రొపైల్‌తో తడిపిన మెత్తటి గుడ్డను మరక మీద అద్ది తీస్తే చాలావరకు వస్తుంది. మిగిలిన లేత మరక కోసం పాలిషర్ బయటికి తీయకండి. పసుపు రంగు ఎండకు నిలవదు, కారును నాలుగైదు రోజులు ఎండలో ఉంచితే మరక దానంతట అదే వెలిసిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు బొట్లు ముందు అద్దం మీద, నంబరు ప్లేటు మీద పెడుతున్నాం. పూజ పూజలాగే జరుగుతోంది, మర్నాడు తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దం శుభ్రమవుతోంది.